ఆభా నంబరు దవాఖాన బిల్లు కట్టదు



ఈసారి ఓవర్‌టైం లెక్కల గురించి రాయాలనుకున్నాం. కానీ రెండు మూడు నెలల నుంచి మన గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. పొద్దున ఒకరు పెడతారు, సాయంత్రానికి ఇంకో నలుగురు పెడతారు. "14 అంకెల హెల్త్ కార్డు తీసుకోండి, 5 లక్షల వైద్యం ఉచితం, విదేశంలో ఉన్నా చెల్లుతుంది, ఈ లింకు నొక్కండి" అని. దాని కింద ఒక కార్డు బొమ్మ. పెట్టేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, తోటివాళ్లకు మేలు జరగాలనే పెడుతున్నారు. కానీ అందులో ఉన్నది తప్పు. దాన్ని నమ్మి మనవాళ్లు అసలు పనికొచ్చే కాగితాలను పక్కన పడేస్తున్నారు కాబట్టి ఈ నెల దీని గురించే రాస్తున్నాం. కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపిగ్గా చదవండి. చదవడం రాని వాళ్లకు రాత్రి వంట దగ్గర ఎవరైనా చదివి వినిపించండి.

ముందు ఆ 14 అంకెల సంగతి. దాని పేరు ఆభా. ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్ అన్న మాటలకు పొట్టి పేరు అది. 2021 సెప్టెంబరు 27న మన దేశమంతటా మొదలుపెట్టిన డిజిటల్ హెల్త్ మిషన్ కింద ఇస్తున్నారు. మొదట్లో దీన్నే హెల్త్ ఐడీ అనేవాళ్లు. ఈ నంబరు చేసే పని ఒక్కటే. మీరు ఏ దవాఖానకు పోయారు, ఏ పరీక్షలు చేశారు, ఏ మందులు రాశారు అన్న వివరాలు మీ పేరు మీద ఒక దారానికి గుచ్చినట్టు కలిపి ఉంచడం. ఆ దవాఖాన, ఆ ల్యాబు ఈ పద్ధతిలో చేరి ఉంటేనే అదీ జరిగేది. ఇందులో ఒక్క రూపాయి లేదు. బిల్లు కట్టదు, ఆపరేషన్ ఖర్చు ఇవ్వదు, మందుల పైసలు ఇవ్వదు. ఇండియాలోనే ఇవ్వదు, ఇంక మలేషియాలో ఎక్కడి నుంచి ఇస్తుంది?

మన సైటు భాషలో చెప్తా. సైటులో హాజరు పుస్తకం ఉంటుంది. ఎవరు ఏ రోజు వచ్చారు, ఎన్ని గంటలు చేశారు అని అందులో రాసి ఉంటుంది. నెలాఖరుకు ఆ పుస్తకాన్ని పట్టుకుని దులిపితే జీతం రాలదు. జీతం ఇచ్చేది బాసు. కానీ ఆ పుస్తకం లేకపోతే నువ్వు 26 రోజులు చేశావని ఎవరు ఒప్పుకుంటారు? ఆభా హాజరు పుస్తకం లాంటిది. బీమా కార్డు జీతం కవరు లాంటిది. రెండూ కావాలి. ఒకటి ఉందని రెండోది వదులుకుంటే మాత్రం మునిగిపోతాం.

ఇంకో ఉదాహరణ మీ అందరికీ అనుభవమే. కోవిడ్ రోజుల్లో ఇక్కడ ప్రతి ఒక్కరి ఫోన్‌లో మైసెజాహ్‌తెరా యాప్ ఉండేది. షాపుకు పోవాలన్నా అదే, సూది వేయించుకున్నట్టు చూపించాలన్నా అదే. అందులో మీ టీకా వివరం పక్కాగా ఉంది. అది చూపించి ఎవరైనా దవాఖాన బిల్లు తప్పించుకున్నారా? లేదు కదా. ఆభా కూడా ఆ జాతిదే.

మరి ఇంత గందరగోళం ఎందుకు వచ్చిందంటే, తప్పంతా మనవాళ్లది కాదు. పేర్లు పెట్టిన వాళ్లు అట్లా పెట్టారు. 2018 సెప్టెంబరు 23న కేంద్రం ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన అని ఒకటి మొదలుపెట్టింది. దాని కార్డును జనం ఆయుష్మాన్ కార్డు అంటారు. అది బీమా లాంటి పథకమే. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా దవాఖాన ఖర్చు భరిస్తుంది. మూడేళ్ల తర్వాత వచ్చిన ఆభా పేరులో కూడా ఆయుష్మాన్ భారత్ ఉంది. రెండింటినీ చూసేది ఒకటే సంస్థ, నేషనల్ హెల్త్ అథారిటీ. రెండు కార్డుల మీదా పేరు, నంబరు, గళ్ల గళ్ల క్యూఆర్ గుర్తు. ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములకు ఒకటే పేరు పెట్టి, ఒకడు సంపాదించి తెస్తాడు, ఇంకొకడు లెక్కలు రాస్తాడు అంటే ఊళ్లో వాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

తేడా కనిపెట్టడానికి నాకు తెలిసిన సులువు ఒకటుంది. ఆభా ఎవరు అడిగినా ఇస్తారు. కోటీశ్వరుడు అడిగినా ఇస్తారు, రేషన్ కార్డు ఉందా, ఆదాయం ఎంత అని అడగరు. ఆయుష్మాన్ కార్డు, ఆరోగ్యశ్రీ అట్లా కాదు. నీకు అర్హత ఉందా అని చూస్తారు, కుటుంబం వివరాలు చూస్తారు. ఏమీ చూడకుండా ఫోన్‌లో రెండు నిమిషాల్లో వచ్చిన కార్డు ఏదైనా లక్షలు ఇస్తుందంటే నమ్మకండి.

మన రెండు రాష్ట్రాల్లో పెద్ద అండ ఆరోగ్యశ్రీనే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆంధ్రలో అదే నెలలో 25 లక్షలకు పెంచారు, అక్కడ ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఇంట్లో 70 ఏళ్లు దాటిన అమ్మానాన్నలు ఉంటే, ఆదాయంతో పని లేకుండా 5 లక్షల వరకు వైద్యం కోసం వయ వందన కార్డు అని కేంద్రం 2024 అక్టోబరు నుంచి ఇస్తోంది. ఇవన్నీ అక్కడి నెట్‌వర్క్ దవాఖానల్లోనే. మీరు కౌలాలంపూర్‌లోనో జొహోర్‌లోనో ఉండగా మీ ఒంటికి ఇవి పనికిరావు. కానీ మీ ఇంటివాళ్లకు ఇవే ప్రాణం. అందుకే ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక మాట అడగండి. రేషన్ కార్డు ఈ-కేవైసీ అయిందా, అందులో మన పేర్లు సరిగ్గా ఉన్నాయా అని. కొడుకు మలేషియాలో ఉన్నాడు, వేలిముద్ర వేయలేదు అని ఆగిపోయిన ఇళ్లు ఉన్నాయి. "మనకు ఆభా తీసుకున్నాం కదా, ఇంక ఆ ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారు" అని ఇంట్లో వాళ్లు అంటే మాత్రం గట్టిగా చెప్పండి. ఆరోగ్యశ్రీ సంగతి ఏదైనా తెలుసుకోవాలంటే అక్కడి నుంచి 104కి ఫోన్ చేయమనండి.

ఇప్పుడు మన ఒంటికి సంబంధించిన విషయానికి వద్దాం. ఇక్కడ మనకు ఏదైనా అయితే పైసలు కట్టేది ఎవరు?

రెండు ముఖ్యమైనవి ఉన్నాయి. పనిలో దెబ్బ తగిలితే ఒకటి, జబ్బు చేసి దవాఖానలో చేరితే ఇంకొకటి.

పనిలో దెబ్బకు పెర్కెసో. మనవాళ్లు సోక్సో అంటారు, రెండూ ఒకటే. 2019 జనవరి 1 నుంచి విదేశీ కార్మికులను కూడా ఇందులో చేర్చారు. అంతకు ముందు మనకు వేరే పాత పద్ధతి ఉండేది, దాంట్లో ఒకసారి ఇంత అని చేతిలో పెట్టి పంపేవాళ్లు. ఇప్పుడు జీతంలో 1.25 శాతం కంపెనీ కడుతుంది, ఈ లెక్కకు మన జీతంలో కోయకూడదు. పరంజా మీద నుంచి పడ్డా, కట్టర్ తగిలినా, పనికి వస్తుంటే బండి గుద్దినా ఇది చూసుకుంటుంది. వైద్యం ఖర్చు వస్తుంది. డాక్టరు కనీసం 4 రోజులు ఎం.సి. రాస్తే ఆ రోజులకు జీతంలో 80 శాతం లెక్కన వస్తుంది. చెయ్యో కాలో పోతే దానికి లెక్క వేరే ఉంది. మనిషే పోతే ఊళ్లో ఉన్న భార్యాపిల్లలకు నెలనెలా వచ్చే పద్ధతి ఉంది. కంపెనీ మనల్ని పనిలో పెట్టుకున్న 30 రోజుల్లో పెర్కెసోలో నమోదు చేయాలి. ప్రమాదం జరిగితే 48 గంటల్లో తెలియజేయాలి. ఈ 48 గంటల మాట గుర్తు పెట్టుకోండి. "ఇంత చిన్న దెబ్బకు ఎందుకు రిపోర్టు, ప్రైవేటు క్లినిక్‌లో కట్టు కట్టిద్దాం, పైసలు నేనిస్తా" అని ఎవరైనా అంటే మంచితనం అనుకోకండి. చిన్న దెబ్బ అనుకున్నది ఆరు నెలల తర్వాత వేలు వంగకుండా మిగిలిపోయినప్పుడు రిపోర్టు లేకపోతే అడిగే దిక్కు ఉండదు. నేను సూపర్‌వైజర్‌గానే చెప్తున్నా, సైటు పేరు చెడిపోతుందని రిపోర్టు దాచే అలవాటు మన రంగంలో ఉంది. నా తోటి సూపర్‌వైజర్లు ఈ బులెటిన్ చదువుతారని తెలుసు, వాళ్లకు కోపం వచ్చినా సరే.

2024 జూలై 1 నుంచి పెర్కెసోలో ఇంకొకటి కలిపారు. పనితో సంబంధం లేని జబ్బు వల్ల పని చేయలేని స్థితి వస్తే ఆదుకునే పథకం అది. దానికి కంపెనీ 0.5 శాతం, మనం 0.5 శాతం. 1,700 రింగిట్ల జీతం ఉన్నవాడికి నెలకు 8 రింగిట్ల పైచిలుకు పోతుంది. దానికి షరతులు ఉన్నాయి, ఇన్ని నెలలు కట్టి ఉండాలి అని. జీతం చీటీలో సోక్సో అని ఆ కోత కనిపిస్తే భయపడకండి, అది మీ మంచికే. కనిపించకపోతేనే అడగండి. 2025 అక్టోబరు జీతం నుంచి ఈపీఎఫ్ అని 2 శాతం కూడా పోతోంది, అది దాచుకునే డబ్బు, దవాఖానకు సంబంధం లేదు. చీటీ మీద రెండూ పక్కపక్కనే ఉంటే మనవాళ్లు ఒకటే అనుకుంటున్నారు.

జబ్బుకు ఉన్నది స్పిక్పా. విదేశీ కార్మికుల కోసం 2011లో పెట్టిన దవాఖాన బీమా ఇది. మొదట్లో ఏడాదికి 10,000 రింగిట్ల పరిమితి ఉండేది, తర్వాత 20,000 చేశారు. డెంగీ వచ్చి సర్కారు దవాఖానలో చేరినా, అపెండిక్స్ ఆపరేషన్ అయినా ఇది కట్టాలి. ఊరికే జ్వరం, దగ్గు అని క్లినిక్‌కు పోయి మందులు తెచ్చుకుంటే ఇది కట్టదు, చేరితేనే. పర్మిట్ తీసేటప్పుడే ఈ పాలసీ చేస్తారు. అంటే పర్మిట్‌తో ముడి పడి ఉంటుంది. పర్మిట్ రెన్యువల్ ఆలస్యమైతే పాలసీ కూడా ఉందో లేదో చూసుకోవాలి. బాసు మారితే మళ్లీ చూసుకోవాలి.

ఇందులో అసలు చిక్కు వేరే ఉంది. స్పిక్పా మన పేరు మీద ఉంటుంది, కానీ ఆ కాగితం మన చేతిలో ఉండదు. ఆఫీసులో ఫైలులో ఉంటుంది. ఏ కంపెనీ, ఏ నంబరు, ఎప్పటిదాకా అని పది మందిని అడిగితే ఒక్కడు కూడా చెప్పలేడు. మా దగ్గరలో ఒక సైటులో శ్రీకాకుళం తమ్ముడు ఒకతను రాత్రి పదింటికి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. కొంగ్సిలో వాళ్లు గ్రాబ్ పిలిచి సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. కౌంటర్‌లో బీమా ఏది అని అడిగితే ఫోన్ తీసి ఆభా కార్డు చూపించారు. ఇదేంటో వాళ్లకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. విదేశీయులకు పూర్తి రేటు కాబట్టి డిపాజిట్ కట్టమన్నారు. రాత్రికి రాత్రి గదిలో అందరూ తలా యాభై, తలా వంద వేసి కట్టారు. డాక్టర్లు వైద్యం చేశారు, తమ్ముడు బతికాడు. పొద్దున ఆఫీసు తెరిచాక చూస్తే స్పిక్పా పాలసీ సొరుగులోనే ఉంది, ఇంకా ఐదు నెలల గడువు కూడా ఉంది. ఆ నంబరు ఒక్కటి అతని ఫోన్‌లో ఉంటే బీమా కంపెనీ నుంచి గ్యారంటీ లెటర్ తెప్పించేవాళ్లు. నలభై మంది జేబులు ఖాళీ అయ్యేవి కావు. ఆ పాలసీ కాపీ ఇవ్వండని అంతకు ముందు రెండుసార్లు అడిగితే ఆఫీసులో "నీకెందుకు" అన్నారట. ఎందుకో ఆ రాత్రి అర్థమైంది.

అందుకని మా మాట ఇది. స్పిక్పా పాలసీ మొదటి పేజీ ఫోటో ప్రతి కార్మికుడి ఫోన్‌లో ఉండాలి. పెర్కెసో నంబరు కూడా ఉండాలి. ఇవ్వకపోవడానికి కంపెనీలకు ఒక్క కారణం కూడా లేదు. రహస్యం కాదు, వాళ్ల సొమ్ము ఏమీ పోదు. వాట్సాప్‌లో పంపితే ఒక నిమిషం పని. క్రేన్ ఆపరేటర్ లైసెన్సు ఫోటో అడిగితే రెండు నిమిషాల్లో పంపించే ఆఫీసు, మనిషి బీమా కాగితం పంపలేదా?

కన్‌స్ట్రక్షన్‌లో ఉన్నవాళ్లకు సీఐడీబీ గ్రీన్ కార్డు కూడా ఉంటుంది. దాన్ని సైటు గేటు దగ్గర చూపించే పాస్ అనుకుంటారు చాలామంది. దాంతోపాటు ప్రమాద బీమా కూడా వస్తుంది, కార్డు గడువు ఉన్నంత కాలం. గడువు అయిపోయిన కార్డుతో గేటు దాటినా బీమా మాత్రం దాటదు. తేదీ చూసుకోండి.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు చేసిన బీమా ఒకటి ఉంది, దాన్ని అందరూ మర్చిపోతారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన. పాస్‌పోర్టులో ఈసీఆర్ ఉన్నవాళ్లకు, ఈ-మైగ్రేట్ ద్వారా సరిగ్గా వచ్చినవాళ్లకు ఇది తప్పనిసరి, మలేషియా ఆ దేశాల జాబితాలో ఉంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పనికి రాకుండా పోయినా 10 లక్షల రూపాయలు. ఆ కాగితం ఎక్కువగా ఏజెంటు దగ్గరే ఉండిపోతుంది. వచ్చేటప్పుడు ఏజెంటు లక్షకు పైన తీసుకున్నాడు కదా, ఆ 275 రూపాయల కాగితం అడిగి తెప్పించుకోండి, ఒక కాపీ ఇంట్లో పెట్టమనండి. మనకేమైనా అయితే వెతుక్కునేది మనం కాదు, వాళ్లు. నాలాగా పదో తరగతి పాసైన వాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్ ఉండదు, కాబట్టి ఈ బీమా చేయించమని మనల్ని ఎవరూ బలవంతం చేయరు. ఆంధ్ర వాళ్లకు ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ వాళ్ల ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది, అది విచారించుకోండి.

విజిట్ వీసా మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్ల సంగతి కూడా రాయాలి, వాళ్లు కూడా మనవాళ్లే. వాళ్లకు స్పిక్పా లేదు, ప్రవాసీ బీమా లేదు. పర్మిట్ లేనివాళ్లు దవాఖానకు వస్తే అధికారులకు చెప్పాలని ఇక్కడి ఆరోగ్య శాఖ 2001లో ఇచ్చిన సర్క్యులర్ ఉంది. దానికి భయపడి జ్వరం ముదిరేదాకా గదిలోనే పడుకుంటారు. ఇట్లాంటి తమ్ముళ్లే ఆ మెసేజ్‌ను అందరికంటే ఎక్కువ నమ్ముతున్నారు, ఎందుకంటే వాళ్లకు పట్టుకోవడానికి ఇంకేం లేదు. నాయనా, ఆ నంబరు మీకు ఇక్కడ అడ్డం రాదు. కౌలాలంపూర్ హైకమిషన్ కింద ఇండియన్ వర్కర్స్ రిసోర్స్ సెంటర్ ఉంది, అక్కడ చెప్పుకోండి. ఒంట్లో బాగోలేకపోతే ముందు గ్రూపులో ఎవరికైనా చెప్పండి. ఒంటరిగా ఉండకండి.

ఇంకొక పొరపాటు కూడా వింటున్నా. "ఫొమెమా పాసయ్యా, నాకు అన్నీ ఉన్నాయి" అంటున్నారు. ఫొమెమా బీమా కాదు, మీ కోసం చేసే పరీక్ష కూడా కాదు. మీకు టీబీ లాంటివి ఉన్నాయా, పర్మిట్ ఇవ్వొచ్చా లేదా అని ప్రభుత్వం తెలుసుకోవడానికి చేసేది. అక్కడ కూడా మీ ఆరోగ్యం వివరం కంప్యూటర్‌లో ఉంటుంది, కానీ అది చూసి నిర్ణయం తీసుకునేది వాళ్లు. ఆభాలో తేడా అదే. అక్కడి వివరం మీది. దవాఖాన చూడాలంటే మీ అనుమతి అడగాలి. మీరు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు, ఇన్ని రోజులే అని పెట్టొచ్చు. తీసుకోవడం కూడా మన ఇష్టమే, తప్పనిసరి కాదు.

అట్లైతే ఆభా దండగా అంటే, కాదు. తీసుకోండి అనే నేను కూడా చెప్తా. ఎందుకు పనికొస్తుందో తెలిసి తీసుకోమంటున్నా.

ఇక్కడ ఐదారేళ్లు పనిచేసి ఊరికి పోయేవాళ్లలో బీపీ, షుగరు లేనివాళ్లు తక్కువ. ఎండలో పని, రాత్రి డ్యూటీ, మూడు పూటలా అన్నం, తియ్యటి తెహ్ తారిక్. ఊళ్లో డాక్టరు దగ్గర కూర్చుంటే మొదటి ప్రశ్న, "ఎన్నాళ్ల నుంచి? ఏ మందు వాడావు?" మనవాడు జేబులోంచి నలిగిన చీటీ తీస్తాడు. దాని మీద కెంచింగ్ మానిస్ అని, దారా తింగీ అని మలయ్‌లో ఉంటుంది. ఒకటి షుగరు, రెండోది బీపీ. ఊళ్లో డాక్టరుకు ఎట్లా తెలుస్తుంది? మళ్లీ మొదటి నుంచి అన్ని పరీక్షలు. ఇక్కడి దవాఖానలు ఆభాతో కలిసి లేవు, కాబట్టి ఇక్కడి వివరం దానంతట అది అందులోకి పోదు. కానీ ఆభాతో కలిసే కొన్ని యాప్‌లలో మనమే చీటీ ఫోటో తీసి ఎక్కించుకోవచ్చు. అది కూడా కష్టమనుకుంటే కనీసం ఫోన్‌లో ఒక ఫోల్డర్ పెట్టుకుని తేదీ వేసి దాచండి. మందు పేరున్న డబ్బా అట్ట కూడా ఫోటో తీయండి, మలయ్ రాకపోయినా మందు పేరు ఎక్కడైనా ఒకటే.

టీబీ సంగతి ఇంకా ముఖ్యం. ఫొమెమాలో టీబీ అని తేలితే పర్మిట్ పోతుంది, ఇంటికి పంపుతారు. సిగ్గుతో ఆ కాగితాలు విమానాశ్రయంలోనే చింపేసిన వాళ్లు ఉన్నారు. ఆ ఎక్స్‌రే, ఆ రిపోర్టు చింపకండి. మన ఊళ్లో సర్కారు దవాఖానలో టీబీ మందు పూర్తిగా ఉచితం, మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. నిక్షయ్ అనే దాంట్లో పేరు ఎక్కిస్తే తిండి కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు, 2024 నవంబరు వరకు అది 500 ఉండేది. ఇక్కడ మందు మొదలుపెట్టి ఉంటే ఏ తేదీ నుంచి, ఏ మందు అన్నది అక్కడ తప్పకుండా కావాలి. సగంలో ఆపి మళ్లీ మొదలుపెడితే జబ్బు మొండిది అవుతుంది. ఇక్కడ ప్రాణం కాపాడేది పైసలు కాదు, వివరమే. ఇట్లాంటి చోట ఆభా నిజంగా పనికొస్తుంది.

ఇంకా చిన్న లాభం ఒకటి ఉంది. మన దగ్గర చాలా సర్కారు దవాఖానల్లో ఓపీ చీటీ కోసం క్యూఆర్ అంటించి ఉంటుంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆభా నుంచి పేరు, వయసు పోయి టోకెన్ వస్తుంది. అమ్మానాన్నలు పొద్దున్నే లైనులో నిలబడే బాధ తగ్గుతుంది.

తీసుకోవాలంటే ఆధార్ నంబరు, ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీ కావాలి. మన చిక్కు ఇక్కడే. ఇండియా సిమ్ ఇక్కడికి వచ్చాక రీచార్జి చేయక పోగొట్టుకుంటాం. ఆ నంబరు కొన్నాళ్లకు వేరేవాళ్లకు పోతుంది, మన ఓటీపీ వాళ్లకు పోతుంది. ఆభా కోసమే కాదు, బ్యాంకు కోసం కూడా ఆ సిమ్ బతికించుకోండి. లేదంటే సెలవుకు పోయినప్పుడు ఆధార్ సెంటర్‌లో నంబరు మార్పించుకుని అప్పుడే చేయించుకోండి. దీనికి రుసుము లేదు. ఐదు వందలు ఇవ్వు, వెయ్యి ఇవ్వు, 5 లక్షల కార్డు చేసిస్తా అనేవాడు మోసగాడు. గ్రూపుల్లో వచ్చే లింకుల్లో ఆధార్ నంబరు కొట్టకండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మన ఊళ్లో దీని గురించి అడగడానికి 14477 నంబరు ఉంది, ఇంట్లో చదువుకున్న పిల్లలతో చేయించండి.

ఏజెంటు చేతికి మాత్రం ఆభా ఇవ్వకండి. "మెడికల్‌కు కావాలి, నీ ఫోన్ ఇటివ్వు, నేనే చేస్తా" అని వాడి నంబరు పెట్టి చేస్తాడు. అప్పుడు నీ జబ్బుల పుస్తకం తాళం వాడి దగ్గర ఉంటుంది. రేపు నీకు షుగరు ఉందని వాడికి తెలిస్తే ఇంకో పదివేలు అడుగుతాడు.

గ్రూపు అడ్మిన్లకు ఒక మనవి. ఆ 5 లక్షల మెసేజ్ మళ్లీ వస్తే తీసేయండి, పెట్టినవాళ్లను తిట్టకండి, ఈ వ్యాసం పంపండి.

ఈ నెలలో మనం చేయబోయే పని ఇది. వచ్చే నాలుగు ఆదివారాలు సాయంత్రం ప్రతి కొంగ్సి నుంచి ఒక్కరు బాధ్యత తీసుకుని తమ గదుల్లో వాళ్ల స్పిక్పా గడువు తేదీ, పెర్కెసో నంబరు ఉందా లేదా, గ్రీన్ కార్డు గడువు తేదీ ఒక కాగితం మీద రాయాలి. పాస్‌పోర్టు నంబర్లు, ఫోటోలు గ్రూపులో పెట్టొద్దు, ఉంది లేదు అన్నది చాలు. లేనివాళ్ల లెక్క చూసి ముందు కంపెనీ ఆఫీసులో మర్యాదగా అడుగుదాం. కంపెనీ ఇవ్వకపోతే పెర్కెసో వాళ్లను 1-300-22-8000లో అడగొచ్చు. మలయ్, ఇంగ్లిష్ రానివాళ్ల తరఫున మాట్లాడటానికి మన గ్రూపులో ముగ్గురు ఒప్పుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం రెండింటి తర్వాత వాళ్లు ఖాళీగా ఉంటారు, అడ్మిన్‌ను అడిగితే కలుపుతారు.